బిందువు ఒక్క స్థానం జరిగితే: ఇంటి లెక్కలలో దశాంశ గుణకారం

ఏడున్నర తులాల బంగారం ఉండి, దానిపై ఏడాది గడిస్తే జకాత్ విధి అవుతుందన్న మాట మన ఇళ్లలో చిన్నపిల్లలు కూడా విని ఉంటారు. అయితే ఆ తులం ఏ తులం? నేడు తెలంగాణలోని బంగారు దుకాణాలలో తులమంటే 10 గ్రాములు. కోస్తా జిల్లాలలో కాసు లెక్క నడుస్తుంది, కాసంటే 8 గ్రాములు. ఉర్దూ ఫత్వాలలో మన ఉలమా రాసిన తులం మాత్రం ఈ రెండూ కాదు. అది మెట్రిక్ తూకాలకు ముందునాటి తులం, దాని బరువు 11.664 గ్రాములు. కాబట్టి బంగారపు నిసాబు 75 గ్రాములు కాదు. ఏడున్నరను 11.664తో గుణించగా వచ్చే 87.48 గ్రాములు. రెంటికీ మధ్య తేడా 12.48 గ్రాములు, అంటే నేటి దుకాణపు లెక్కన తులం కంటే ఎక్కువే. వెండి విషయంలోనూ అంతే. యాభై రెండున్నర తులాలను అదే 11.664తో గుణిస్తే 612.36 గ్రాములు వస్తుంది.

అరబ్బు దేశాలలో పనిచేసి వచ్చినవారు అక్కడ 85 గ్రాములని విని ఉంటారు. అదీ గుణకారమే. నిసాబు 20 దీనార్లు, ఒక్కో దీనారు బరువు 4.25 గ్రాములని లెక్కగడితే 20 × 4.25 = 85. దీనారు బరువును నిర్ణయించడంలో అభిప్రాయాలు వేరు కావడం వల్ల రెండు అంకెలు ఏర్పడ్డాయి. మీరు అనుసరించే ఆలిము ఏది చెబితే అది పాటించండి. ఇక్కడ చెప్పదలచినది ఫిఖహ్ తీర్పు కాదు. ఇంతటి బాధ్యతాయుతమైన అంకె కూడా చివరకు ఐదో తరగతిలో నేర్చుకుని మరచిపోయిన దశాంశ గుణకారంపైనే ఆధారపడి ఉన్నదన్న సంగతి.

ఆ పద్ధతిని ఒకసారి గుర్తు చేసుకుందాం. 7.5ను 11.664తో గుణించాలి. ముందుగా బిందువులు లేవనుకొని 75ను 11664తో గుణించండి. లబ్ధం 8,74,800. ఇప్పుడు మొదటి సంఖ్యలో బిందువు తరువాత ఎన్ని అంకెలున్నాయి? ఒకటి. రెండవ దానిలో? మూడు. మొత్తం నాలుగు. లబ్ధంలో కుడివైపు నుండి నాలుగు స్థానాలు లెక్కించి బిందువు పెడితే 87.4800. చివరి సున్నాలకు విలువ లేదు కాబట్టి 87.48. పిల్లలు తరచుగా చేసే పొరపాటు ఇక్కడే ఉంది. లబ్ధం చివర ఉన్న రెండు సున్నాలను ముందే కొట్టివేసి, మిగిలిన 8748లో నాలుగు స్థానాలు లెక్కిస్తారు. అప్పుడు 0.8748 వస్తుంది. ఏడున్నర తులాలు కాస్తా గ్రాము కూడా లేకుండా పోతాయి! స్థానాలు లెక్కించి బిందువు పెట్టిన తరువాతనే సున్నాలను తొలగించాలి.

స్థానాలను ఎందుకు కూడాలని పిల్లలు అడిగితే సూత్రం అప్పజెప్పకండి. 7.5 అంటే 75 పదోవంతులు. 11.664 అంటే 11,664 వెయ్యోవంతులు. పదోవంతును వెయ్యోవంతుతో గుణిస్తే పదివేలవ వంతు వస్తుంది. పదివేలలో సున్నాలు నాలుగు. అందుకే నాలుగు స్థానాలు. ఇంతకు మించిన రహస్యమేమీ లేదు.

ఇక బజారుకు వెళదాం. మాంసం దుకాణంలో ఎలక్ట్రానిక్ కాటాపై 0.650 అని కనిపించింది. కీమా కిలో ధర 840 రూపాయలనుకుందాం. 65 × 840 = 54,600. రెండు స్థానాలు వెనక్కి జరిపితే 546 రూపాయలు. గుణిస్తే పెరగాలి కదా, 840 కాస్తా 546కు ఎందుకు తగ్గిందని ఆరో తరగతి పిల్లవాడు అడుగుతాడు. అడగవలసిన ప్రశ్నే. ఒకటి కంటే చిన్న సంఖ్యతో గుణించడమంటే మొత్తంలో కొంత భాగాన్ని తీసుకోవడం. కిలో కంటే తక్కువ కొన్నాం గనుక కిలో ధర కంటే తక్కువే చెల్లిస్తాం.

చదువు అంతగా లేని మన నానమ్మలు, అమ్మమ్మలు ఈ లెక్కను కాగితం లేకుండానే చేసేవారు. అర కిలోకు 420, వంద గ్రాములకు 84, యాభై గ్రాములకు అందులో సగం 42. మొత్తం 546. పావు, అర, ముప్పావు అన్న మాటలు 0.25, 0.50, 0.75కు తెలుగింటి పేర్లు. బడిలో నేర్పే పద్ధతి కంటే ఇది తక్కువది కాదు. పైగా తప్పు వెంటనే పట్టుబడుతుంది. పిల్లలకు రెండు పద్ధతులూ నేర్పి, ఒకదానితో మరొకదాన్ని సరిచూసుకొమ్మనడం మేలు.

కాటా దగ్గర జరిగే ఎక్కువ పొరపాట్లు గుణకారంలో ఉండవు, బరువును అంకెలలో రాయడంలో ఉంటాయి. ఒక కిలో యాభై గ్రాములను ఎలా రాయాలి? 1.5 అని రాసేవారున్నారు. కిలోకు వెయ్యి గ్రాములు కాబట్టి అది 1.050. ఉల్లిగడ్డ కిలో 36 రూపాయలైతే 1.05 × 36 = 37.80. అదే 1.5 అని వేస్తే 54 రూపాయలు. చేతితో చీటీ రాసే చోట 16 రూపాయల 20 పైసలు ఇలా చేతులు మారతాయి. కొన్నిసార్లు కొనేవారికి నష్టం, కొన్నిసార్లు అమ్మేవారికి. మిఠాయి దుకాణంలో మరొక చిక్కు ఉంది. అట్టడబ్బాతో సహా తూచితే, డబ్బా బరువు 70 గ్రాములు, మిఠాయి కిలో 640 రూపాయలు అనుకుంటే, 0.07 × 640 = 44.80. అంటే సుమారు 45 రూపాయలు పెట్టి అట్ట కొన్నట్లు. డబ్బాను ముందుగా కాటాపై ఉంచి, అంకె సున్నాకు వచ్చిన తరువాత మిఠాయి వేయమని మర్యాదగా కోరవచ్చు. నిజాయితీ గల వ్యాపారి దానికి నొచ్చుకోడు. దివ్య ఖుర్‌ఆన్‌లోని 83వ సూరా పేరే ‘అల్ ముతఫ్ఫిఫీన్’, అంటే కొలతల్లో, తూకాల్లో తగ్గించి ఇచ్చేవారు. ఒక సూరాకు ఈ పేరు వచ్చిందంటే కాటా ముందు నిలబడడం ఎంత బరువైన విషయమో ఊహించుకోవచ్చు.

అన్నీ పదుల లెక్కలో నడవవు, ఇది కూడా గమనించాలి. మీటరుకు 100 సెంటీమీటర్లు కనుక రెండు మీటర్ల 75 సెంటీమీటర్ల గుడ్డ 2.75 మీటర్లే. మీటరు 186.50 అయితే 512.875, అంటే 512 రూపాయల 88 పైసలు. కానీ అడుగుకు 12 అంగుళాలు. పది అడుగుల ఆరు అంగుళాలంటే 10.6 కాదు, 10.5. పన్నెండు అడుగుల మూడు అంగుళాలంటే 12.3 కాదు, 12.25. ఈ కొలతలున్న గదికి టైల్స్ వేయించాలంటే 10.5 × 12.25 = 128.625 చదరపు అడుగులు. చదరపు అడుగు 58 రూపాయలైతే 7,460.25. అదే మేస్త్రీ 10.6 × 12.3 అని వేస్తే 130.38 చదరపు అడుగులు, 7,562.04 రూపాయలు. ఒక్క గదికి వంద రూపాయలు దాటింది. ఇంటి స్థలం కొనేటప్పుడు ఇదే పొరపాటు ఎంతవరకు పోతుందో మీరే లెక్క వేసుకోండి. గంటలూ అంతే. రెండు గంటల పదిహేను నిమిషాల పనికి కూలి కట్టేటప్పుడు గుణించవలసినది 2.15తో కాదు, 2.25తో. 2.15 అని వేస్తే కూలివాని ఆరు నిమిషాల చెమట లెక్కలోకి రాకుండా పోతుంది.

పైసలు బజారులో కనబడని ఈ రోజుల్లో ఇంత సూక్ష్మం దేనికని అనిపించవచ్చు. 1957 ఏప్రిల్ 1న మన దేశంలో రూపాయికి వంద నయాపైసల పద్ధతి వచ్చింది. అంతకుముందు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. హైదరాబాదు సంస్థానంలోనైతే హాలీ సిక్కా వేరు, బ్రిటిష్ ఇండియా రూపాయి వేరు. వంద కల్దారు రూపాయలకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు. ఆనాటి గుమాస్తాలు ఈ లెక్కలను చేత్తోనే చేసేవారంటే వారికి సలాము చేయాలి. దశాంశ నాణేలు ఆ భారాన్ని దించాయి. 25 పైసలు, అంతకంటే చిన్న నాణేలు 2011 జూన్ 30 తరువాత చెలామణిలో లేవు. నాణెం పోయినా ధర మాత్రం పైసలలోనే మిగిలింది. పెట్రోలు, కరెంటు యూనిట్లు, బంగారం మీద పన్ను, అన్నీ బిందువు తరువాతి అంకెలతోనే నడుస్తున్నాయి.

బంగారం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. కూతురి పెళ్లికని ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము అరగంటలో ఖర్చయ్యే చోటు అది. రాళ్లు పొదిగిన హారమొకటి మొత్తం బరువు 8.350 గ్రాములు, అందులో రాళ్ల బరువు 0.400 గ్రాములు అనుకుందాం. లెక్క తేలికగా ఉండేందుకు 22 క్యారెట్ల బంగారం గ్రాము ధర 9,000 రూపాయలుగా తీసుకుందాం. మీరు ఆనాటి ధర వేసుకోండి. తరుగు 12 శాతం, జి.ఎస్.టి. 3 శాతం. బంగారం ధరతో గుణించవలసినది 8.350ని కాదు, రాళ్లు తీసివేయగా మిగిలిన 7.950ని. 7.95 × 9,000 = 71,550. రాళ్లకు ధర ఉంటే దాన్ని వేరుగా చూపాలి. రాళ్లను కూడా బంగారంగా తూచి వేస్తే 0.4 × 9,000 = 3,600 రూపాయలు అదనంగా పడుతుంది. దానిపై తరుగు, పన్ను కూడా చేరి 4,152.96 అవుతుంది.

తరుగు కలపడానికి 12 శాతం వేరుగా కట్టి కూడనవసరం లేదు. 1.12తో గుణిస్తే చాలు. 71,550 × 1.12 = 80,136. దానిపై పన్ను 3 శాతం, కనుక 1.03తో గుణించాలి. 80,136 × 1.03 = 82,540.08. కొందరు 12, 3 కలిపి 15 శాతమనుకొని 1.15తో గుణిస్తారు. అప్పుడు 82,282.50 వస్తుంది, బిల్లు దానికంటే 257.58 ఎక్కువ ఉన్నదని దుకాణదారుతో వాదిస్తారు. ఇక్కడ దుకాణదారుదే న్యాయం. పన్ను తరుగుపై కూడా పడుతుంది. 1.12 × 1.03 = 1.1536, అంటే కలిసి 15.36 శాతం. బేరమాడదలచుకుంటే పన్నుపై కాదు, తరుగుపై ఆడండి. తరుగు 12 నుండి 10 శాతానికి దిగితే గుణించవలసినది 1.10 × 1.03 = 1.133తో. అప్పుడు 71,550 × 1.133 = 81,066.15. మిగిలేది 1,473.93. లెక్క తెలిసి అడిగినవారి మాటకు దుకాణంలో విలువ ఉంటుంది.

పెరిగిన దానిపై మళ్లీ పెంచే ఈ లెక్కకు వెయ్యేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. హిజ్రీ 341లో, అంటే క్రీ.శ. 952-53లో, దమస్కస్‌లో అబుల్ హసన్ అల్ ఉఖ్లీదిసీ అనే గణితవేత్త భారతీయ అంకెలతో లెక్కలు చేసే పద్ధతిపై ఒక గ్రంథం రాశారు. దశాంశ భిన్నాలను వాడినట్లు మనకు లభిస్తున్న అరబీ గ్రంథాలలో ఇదే అత్యంత పురాతనమైనది. 135కు దాని పదోవంతు కలపాలి, వచ్చిన దానికి దాని పదోవంతు, అలా ఐదుసార్లు కలపాలన్న లెక్క అందులో ఉంది. మీరూ చేసి చూడండి: 148.5, 163.35, 179.685, 197.6535, చివరకు 217.41885. అంటే 1.1తో ఐదుసార్లు గుణకారం, మన తరుగు లెక్కకు అన్నలాంటిది. బిందువుకు బదులు ఆయన ఒకట్ల స్థానపు అంకెపై చిన్న గీత గీసి గుర్తు పెట్టారు. అంకెలు ఇక్కడి నుండి అక్కడికి వెళ్లాయి. ఆ తరువాత 1427లో సమర్ఖండ్‌లో అల్ కాషీ తన ‘మిఫ్తాహుల్ హిసాబ్’ గ్రంథంలో దశాంశ భిన్నాలను మరింత సమగ్రంగా వివరించారు. ఐరోపాలో సైమన్ స్టెవిన్ ఇదే విషయంపై చిన్న పుస్తకం ప్రకటించినది 1585లో.

రమజాన్ నెలలో ప్రతి ఇంట్లో ఎదురయ్యే లెక్క ఫిత్రా. గోధుమలలో తలకు అర సాఅ అన్న హనఫీ మతాన్ని అనుసరించేవారు పాత తులాలలో 140గా లెక్కిస్తారు. 140 × 11.664 = 1,632.96 గ్రాములు, అంటే 1.633 కిలోలు. ఇంట్లో ఆరుగురుంటే 9.798 కిలోలు. గోధుమలు కిలో 42 రూపాయలైతే 411.516, అంటే 411 రూపాయల 52 పైసలు. ఆదిలోనే 1.633ను 1.6గా సవరించుకుంటే 403.20 వస్తుంది. ఎనిమిది రూపాయలు ఏమంత పెద్దవని అనకండి. ఊరంతా అలాగే సవరించుకుంటే పండుగనాడు పేదవాని ఇంట్లో ఎన్ని సంచుల పిండి తగ్గుతుందో ఆలోచించండి. లెక్క మధ్యలో అంకెలను కత్తిరించకూడదు. చివరన ఒకే ఒక్కసారి సవరించాలి. ఇవ్వవలసిన వారు మనమైనప్పుడు పైకి సవరించాలి. 411.52ను 415గానో 420గానో చేసి ఇస్తే ఏ చిక్కూ లేదు. మీ మసీదులో వేరే తూకం ప్రకటిస్తే దానితోనే గుణించండి, పద్ధతి మారదు.

ఉష్ర్ చెల్లించే రైతులకు బిందువు మరింత దగ్గరిది. వర్షాధార పంటకు పదోవంతు, అంటే 0.1. ఖర్చు పెట్టి నీరు పారించిన పంటకు ఇరవయ్యో వంతు, అంటే 0.05. బోరు కింద 38.5 క్వింటాళ్ల ధాన్యం పండితే 38.5 × 0.05 = 1.925 క్వింటాళ్లు, అంటే 192.5 కిలోలు. 0.05కు బదులు 0.5 వేస్తే సగం పంట పోతుంది. అలాంటి తప్పును రైతు ఎన్నడూ చేయడు, గింజలు కళ్లముందుంటాయి కాబట్టి. నగదు లెక్కలోనైతే కళ్లముందు కాగితం తప్ప మరేమీ ఉండదు.

అందుకే జకాత్ లెక్కను ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. ఒక కుటుంబం దగ్గర 92.5 గ్రాముల బంగారం ఉంది. గ్రాము 9,000 చొప్పున 8,32,500. బ్యాంకులో, చేతిలో నగదు 1,46,350. మొత్తం 9,78,850. వెంటనే తీర్చవలసిన అప్పు 38,450 తీసివేస్తే 9,40,400. నలభయ్యో వంతు ఇవ్వాలి. రెండున్నర శాతమంటే వందకు రెండున్నర, అంటే 0.025. బిందువు తరువాత ఒక సున్నా ఉన్నదని మరువకండి. 9,40,400 × 0.025 = 23,510. ఫోన్‌లో 0.25 అని నొక్కితే 2,35,100 వచ్చి గుండె ఝల్లుమంటుంది. కాబట్టి ఆ తప్పు దొరికిపోతుంది. 0.0025 అని నొక్కితే 2,351 వస్తుంది. ఈ తప్పే అపాయకరం, ఎందుకంటే అది ఎవరినీ భయపెట్టదు. ‘ఈ ఏడు తక్కువే వచ్చింది’ అనుకొని సంతోషంగా లేచిపోతాం. 21,159 రూపాయల పేదల హక్కు మన అల్మారాలోనే ఉండిపోతుంది.

దీనికి కాపలా చాలా తేలిక. మొత్తంలో పదోవంతు తీయండి: 94,040. అందులో సగం 47,020. అందులోనూ సగం 23,510. ఫోన్ చూపిన అంకె దీనితో కలవకపోతే బిందువు ఎక్కడో జరిగిందన్నమాట. బజారు లెక్కకూ ఇదే కాపలా. ముందు మనసులో ఉజ్జాయింపు వేసుకొని, ఆ తరువాత గుణించాలి. రెండు, మూడు మీటర్ల మధ్య గుడ్డ, మీటరు రెండు వందల లోపు అయితే ధర ఆరు వందలు దాటదు. బిల్లుపై 5,128 అని ఉంటే, అది ఎంత అందంగా ముద్రించిన బిల్లైనా, తప్పే. బంగారం ఒక్కటే కాక నగదు, వెండి కూడా ఉన్నవారికి నిసాబు ఏ లోహంతో చూడాలన్నది ఉలమాను అడిగి తెలుసుకోవలసిన విషయం. అంకె మాత్రం మన చేతిలోనిది.

దశాంశాలకు లొంగని లెక్క ఒకటి మన ఇళ్లలో ఉంది. అది వారసత్వం. ఖుర్‌ఆన్ వాటాలను సగం, మూడోవంతు, ఆరోవంతు, ఎనిమిదోవంతు అని భిన్నాలలోనే నిర్ణయించింది. పిల్లలను వదిలి మరణించిన వ్యక్తి ఆస్తిలో అతని తల్లికి ఆరోవంతు. 0.125 అని రాస్తే ఎనిమిదోవంతు సరిగ్గా సరిపోతుంది. ఆరోవంతు సరిపోదు, దాని దశాంశం 0.1666 అంటూ అంతం లేకుండా సాగుతుంది. పన్నెండు లక్షల ఆస్తిలో తల్లి వాటాను 0.16తో గుణిస్తే 1,92,000 వస్తుంది, ఆమెకు 8,000 తగ్గుతుంది. 0.17తో గుణిస్తే 2,04,000 వస్తుంది, ఇతర వారసుల నుండి 4,000 ఆమెకు చేరుతుంది. 0.1667 వేసినా 2,00,040. అక్కడ బిందువును పక్కనపెట్టి, పన్నెండు లక్షలను 6తో భాగించండి. సరిగ్గా 2,00,000.